హార్మోన్ వైద్యం: జిల్లా ఆస్పత్రి పని

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ డాక్టరుగారు ఎండోమెంట్ పత్రంలో ఒక షరతు రాసి వెళ్లారు. వచ్చిన వక్త తనను పొగడకూడదు, ఇచ్చిన గంటసేపూ విషయమే మాట్లాడాలి. ఆయన పేరు ఆహ్వానపత్రిక మీద ఉంది కాబట్టి ఆ షరతు పాటించడం నాకు కష్టం కాదు.

కమిటీవారు హార్మోన్ల మీద మాట్లాడమన్నారు. మన బోధన్ చెరకు సీమలో హార్మోన్లంటే ముందు గుర్తొచ్చేది షుగరు జబ్బు, తర్వాత థైరాయిడు. వాటి మీద ఈ హాల్లో ఎవరూ వినని మాట నా దగ్గర లేదు. అందుకని, హార్మోన్లు ఏళ్ల తరబడి వాడుతూ వాటి గురించి డాక్టరు నోట ఒక్క మాటా వినని మనుషుల వైపు తిరుగుతాను. మగపిల్లాడని పెంచితే తాను ఆడమనిషినని తెలుసుకున్నవాళ్లు, ఆడపిల్లని పెంచితే తాను మగవాణ్ణని చెప్పినవాళ్లు. ట్రాన్స్ మహిళలు, ట్రాన్స్ పురుషులు. బస్టాండులో, కాచిగూడ రైల్లో చప్పట్లు కొట్టి దీవించి పది రూపాయలు అడిగే అక్కలు వీళ్లలో కొద్దిమందే. తక్కినవాళ్లు కాలేజీల్లో, బట్టల షాపుల్లో, ఆఫీసుల్లో మీ పక్కనే ఉన్నారు, మీకు చెప్పలేదంతే.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను, మధ్యలో లేచి వెళ్లేవాళ్లకు కూడా అందుతుంది. వీళ్లు కోరే హార్మోన్ వైద్యానికి కావలసిన మందుల్లో కొత్తది ఒక్కటీ లేదు. ముట్లు ఆగిపోయి ఒళ్లంతా ఆవిర్లు వస్తున్న ఆమెకు మనం ఈస్ట్రాడయాల్ రాస్తాం. పీసీఓడీ వల్ల గడ్డం మీద వెంట్రుకలొచ్చిన అమ్మాయికి స్పైరోనోలాక్టోన్ రాస్తాం. వృషణాలు పనిచేయని మగవాడికి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తాం. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న తాతకు పురుష హార్మోను మొత్తాన్ని ఆపేసే ఇంజెక్షన్ ఇస్తాం. ఇవన్నీ నిజామాబాద్‌లో రోజూ జరుగుతున్న పనులు. అవే మందులు ట్రాన్స్ మనిషి అడిగేసరికి చేతిలో పెన్ను ఆగుతుంది. "హైదరాబాద్ పోండి" అంటాం. ఆ మనిషి హైదరాబాద్ పోదు, మెడికల్ షాపుకు పోతుంది. తర్వాత జరిగేదానికి ఆ ఆగిన పెన్నుదే ఎక్కువ బాధ్యత అని నా అభిప్రాయం.

ముందు కొంచెం శరీరశాస్త్రం. పాఠాలు చెప్పిన అలవాటు, ఓర్చుకోండి.

మగ హార్మోను ఒకచోట, ఆడ హార్మోను ఇంకోచోట వేరువేరు పదార్థాలుగా పుడతాయని చాలామంది అనుకుంటారు. రెండూ కొలెస్టరాల్ నుంచే వస్తాయి. స్త్రీ అండాశయం ముందు పురుష హార్మోన్ల జాతివాటినే తయారుచేసి, ఆరోమటేజ్ అనే ఎంజైముతో వాటిని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మగవాడి ఒంట్లోనూ టెస్టోస్టిరాన్‌లో కొంత ఇలాగే ఈస్ట్రాడయాల్ అవుతుంది. అది లేకపోతే మగవాడి ఎముకలు కూడా గుల్లబారతాయి. ఈస్ట్రోజెన్‌కు శరీరం అసలు స్పందించని ఒక మగవాణ్ణి అమెరికాలో వైద్యులు 1994లో వర్ణించారు. వయసొచ్చాక కూడా అతని ఎముకల ఎదుగుదల ఆగలేదు, వాటిలో సాంద్రత మాత్రం లేదు. అంటే ప్రతి ఒంట్లోనూ రెండూ ఉన్నాయి, తేడా పాళ్లలో ఉంది.

రక్తంలోకి వచ్చిన హార్మోను అన్ని అవయవాల పక్కనుంచీ పోతుంది, కానీ అన్నిటిమీదా పనిచేయదు. నిజాంసాగర్ మెయిన్ కెనాల్ ఎన్ని పొలాల పక్కనుంచి పారినా తూము ఉన్న పొలమే తడుస్తుంది కదా, రిసెప్టర్ అనేది ఆ తూము. ఈస్ట్రోజెన్ తూములు రొమ్ముల్లో, ఎముకల్లో, చర్మంలో, మెదడులో ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఉంటాయి. ఆ నీళ్లు ఎప్పుడొస్తే అప్పుడు పారడానికి పుట్టుకతోనే సిద్ధంగా ఉంటాయి. నలభై ఏళ్ల ట్రాన్స్ మహిళకు రొమ్ములు పెరగడం అందుకే సాధ్యమవుతోంది. అందులో వింత లేదు. పదమూడేళ్ల ఆడపిల్ల ఒంట్లో జరిగేదే అక్కడా జరుగుతోంది, ఆలస్యంగా.

ఈ జ్ఞానమంతా ఈమధ్యది. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే ఆయన కోడిపుంజుల వృషణాలు తీసి, కొన్నిటికి వాటిని కడుపులో వేరేచోట పెట్టాడు. అలా పెట్టిన పుంజులకు జుట్టు ఎర్రగా పెరిగింది, అవి కూశాయి, కొట్లాడాయి. పెట్టనివి మెత్తబడి ఊరుకున్నాయి. నరాలన్నీ తెగిపోయినా పని జరిగిందంటే రక్తంలో ఏదో తిరుగుతోందని తేలింది. దాని జాడ పట్టడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది. 1931లో బ్యుటెనాంట్ పోలీసుల మూత్రాన్ని వేల లీటర్ల లెక్కన పోగుచేసి, కాచి, వడగట్టి మిల్లీగ్రాముల్లో ఒక పురుష హార్మోనును వేరుచేశాడు. నోబెల్ బహుమతికి దారితీసిన పనుల్లో ఇంత కంపు కొట్టినది ఇంకోటి లేదనుకుంటా. 1935లో ఎద్దు వృషణాల నుంచి టెస్టోస్టిరాన్ దొరికింది. అదే ఏడు దాన్ని కొలెస్టరాల్ నుంచి ప్రయోగశాలలో తయారుచేశారు కూడా.

అక్కడి నుంచి నాలుగేళ్లకే, 1939లో, ఇంగ్లండులో మైకేల్ డిలన్ అనే మనిషి టెస్టోస్టిరాన్ బిళ్ళలు మొదలుపెట్టాడు. ఆడపిల్లగా పుట్టి, మగవాడిగా మారడానికి ఆ మందు వాడినవాళ్లలో చరిత్రకు తెలిసిన మొదటివాడు. గొంతు మారింది, గడ్డం వచ్చింది. తర్వాత డబ్లిన్‌లో వైద్యం చదివి డాక్టరయ్యాడు. ఓడల్లో డాక్టరుగా పనిచేస్తుండగా 1958లో పత్రికలు ఆయన గతాన్ని బయటపెట్టాయి. ఆ రచ్చ తట్టుకోలేక ఆయన పారిపోయి వచ్చింది మన దేశానికి. బౌద్ధంలోకి వెళ్లి, సారనాథ్‌లో ఉండి, లడఖ్ మఠంలో హోదాలో అందరికంటే చిన్న శ్రామణేరుడిగా పాత్రలు తోమి, 1962లో డల్హౌసీలో పోయాడు. హార్మోన్ వైద్యాన్ని పాశ్చాత్యుల కొత్త ఫ్యాషనుగా కొట్టిపారేసేవాళ్లు ఈ పేరు ఒకసారి గుర్తు పెట్టుకోవాలి. ఈ వైద్యం తొలినాళ్లలోనే తీసుకున్న మనిషి చివరికి మన కొండల్లోనే కన్నుమూశాడు.

ఇక ఒంట్లో ఏం మారుతుంది, ఎంతకాలానికి మారుతుంది? నన్ను కలిసినవాళ్లందరూ ముందు అడిగేది ఇదే.

ట్రాన్స్ మహిళ ఈస్ట్రాడయాల్ మొదలుపెట్టి, దానితోపాటు టెస్టోస్టిరాన్‌ను అణిచే మందు వాడితే మొదటి మూడు నెలల్లో కోరిక తగ్గుతుంది, అంగం తనంతట తాను గట్టిపడటం తగ్గుతుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య చనుమొనల కింద చిన్న గడ్డలా మొదలై నొప్పి పెడుతుంది. పదమూడేళ్ల కూతుళ్లున్న తల్లులకు ఆ నొప్పి తెలుసు. చర్మం మెత్తబడుతుంది, జిడ్డు తగ్గుతుంది. కొవ్వు పొట్ట నుంచి తుంటి వైపు, తొడల వైపు మెల్లగా చేరుతుంది. కండ తగ్గుతుంది, బియ్యం బస్తా ఎత్తే బలం మునుపటిలా ఉండదు. ఒంటి మీద వెంట్రుకలు పలచబడటానికి ఏడాది, ఆపైన పడుతుంది. రొమ్ములు పూర్తిగా ఎదగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఎంత ఎదుగుతాయన్నది ఎవరూ మాట ఇవ్వలేరు. ఆమ్‌స్టర్డామ్ వైద్యులు రెండువందలకు పైగా మందిని ఏడాదిపాటు కొలిస్తే సగానికి దగ్గరమందికి అతిచిన్న సైజులోనే ఆగింది. మోతాదు పెంచితే ఎక్కువ పెరుగుతాయన్నది బస్తీల్లో గట్టి నమ్మకం. దానికి ఆధారం లేదు.

మారనివి కూడా చెప్పాలి. గడ్డం పోదు, పలచబడుతుందంతే. పోవాలంటే లేజరో ఎలక్ట్రోలిసిస్సో చేయించుకోవాలి. ఎత్తు మారదు, దవడ ఎముక మారదు, గొంతు మారదు. ఒకసారి ఒకామె నన్ను నిలదీసింది: "అమ్మా, రెండేండ్ల సంది గోలీలు మింగుతున్న, గొంతు ఎందుకు మారుతలేదు?" అంది. టెస్టోస్టిరాన్ ఒకసారి స్వరపేటికను పెంచాక ఈస్ట్రోజెన్ దాన్ని కుదించలేదు బిడ్డా, అన్నాను. గొంతుకు మందు లేదు, సాధన ఉంది. పాట నేర్చుకున్నట్టే స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. ఆ మాట రెండేళ్ల ముందు ఎవరైనా చెప్పి ఉంటే, గొంతు కోసమని ఆమె మోతాదు మూడింతలు చేసి ఉండేది కాదు.

ట్రాన్స్ పురుషుల సంగతి ఒక విధంగా సులువు. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ మొదలుపెట్టిన ఆరు నెలల్లోపు చాలామందికి ముట్లు ఆగుతాయి. ఆ ఒక్కటి చాలు, మిగతావి రాకపోయినా పర్లేదు అన్నవాళ్లున్నారు. మొహం జిడ్డుగా మారి మొటిమలొస్తాయి. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు గొంతు బొంగురుబోయి దిగుతుంది, మందు మానేసినా మళ్లీ ఎక్కదు. గడ్డం మీసం నిండుగా రావడానికి నాలుగైదేళ్లు పట్టొచ్చు. తండ్రికి బట్టతల ఉంటే తనకూ రావచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, టెస్టోస్టిరాన్ రక్తాన్ని చిక్కబరుస్తుంది కాబట్టి పీసీవీ పరీక్ష తప్పనిసరి. రెండోది మన దగ్గర ఎవరూ చెప్పరు: ముట్లు ఆగినంత మాత్రాన గర్భం రాదని కాదు. టెస్టోస్టిరాన్ గర్భనిరోధక మందు కాదు.

పిల్లలు కావాలనుకునేవాళ్లు ఈ మందులు మొదలుపెట్టకముందే వీర్యాన్నో అండాలనో దాచుకోవాలి. ఈ సంగతి ముందే చెప్పడం డాక్టరు బాధ్యత. తర్వాత చెప్తే దానికి విలువ లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మెడికల్ షాపు.

మన దగ్గర హిజ్రా కుటుంబాల్లో గురువు చేలాకు, అంటే శిష్యురాలికి, పెద్ద చేలా చిన్న చేలాకు చెప్పే మందు గర్భనిరోధక మాత్ర. ప్రభుత్వమే చవగ్గా అమ్మిస్తున్న మాలా-డి. చీటీ అడగరు, ఎందుకని అడగరు. ఆ మాత్రలో ఉన్న ఈస్ట్రోజెన్ మన అండాశయం చేసే ఈస్ట్రాడయాల్ కాదు, ఇథినైల్ ఈస్ట్రాడయాల్. 1938లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన పదార్థం. మామూలు ఈస్ట్రాడయాల్‌ను కాలేయం త్వరగా విరిచేస్తుంది. దీన్ని విరవలేదు, అందుకే చిన్న బిళ్ళలో సరిపోతుంది. కానీ విరగకుండా కాలేయం గుండా మళ్లీ మళ్లీ తిరిగే ఆ పదార్థం రక్తం గడ్డకట్టే ప్రోటీన్లను ఎక్కువగా తయారుచేయిస్తుంది. కాలి సిరలో గడ్డ, అక్కడి నుంచి ఊపిరితిత్తికి. కొన్నిసార్లు మనిషి అక్కడికక్కడే పోతుంది.

ఇది ఊహ కాదు. నెదర్లాండ్స్‌లో మొదట్లో ట్రాన్స్ మహిళలకు ఇథినైల్ ఈస్ట్రాడయాలే ఇచ్చేవారు, రోజుకు 100 మైక్రోగ్రాములు. 1989లో ఆ వైద్యులే తమ రోగుల రికార్డులు తీసి చూస్తే, రక్తం గడ్డకట్టే ఘటనలు మామూలు జనంలో కంటే 45 రెట్లు కనిపించాయి. వాళ్లు దాచలేదు, అచ్చువేశారు. తర్వాత ఆ మందు మాని సహజ ఈస్ట్రాడయాల్‌కు, నలభై దాటినవాళ్లకు చర్మం మీద అంటించే పట్టీలకు మారారు, ప్రమాదం బాగా తగ్గింది. మాలా-డి బిళ్ళలో 30 మైక్రోగ్రాములుంటుంది. రోజుకొకటి వేసుకునే ఆడవాళ్లకు అది సరైన మందే. తొందరగా మార్పు రావాలని రోజుకు మూడు, నాలుగు మింగితే, డచ్చివాళ్లు ఎప్పుడో వదిలేసిన మోతాదుకు మన మనిషి చేరుకున్నట్టే. పక్కన బీడీ కూడా కాలుతుంటే చెప్పనక్కర్లేదు. మనది బీడీ జిల్లా కూడాను.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ల్యాబుకు పోయి ఈస్ట్రాడయాల్ పరీక్ష చేయిస్తే ఆ పరీక్ష సహజ ఈస్ట్రాడయాల్‌నే పట్టుకుంటుంది, ఇథినైల్‌ను దాదాపు పట్టుకోదు. రిపోర్టులో అంకె తక్కువొస్తుంది. "నాకు హార్మోను సాలుతలేదు" అనుకుని ఆమె ఇంకో బిళ్ళ పెంచుతుంది. ఏం వాడుతున్నావమ్మా అని అడిగే డాక్టరు లేనప్పుడు, పరీక్ష చేయించుకున్న మనిషి చేయించుకోనివాళ్లకంటే ఎక్కువ ప్రమాదంలో పడుతుంది. ఆ బిళ్ళలోని రెండో మందు లెవోనార్జెస్ట్రెల్‌కు కొద్దిగా పురుష హార్మోను గుణం ఉంది. ఆడతనం కోసం మింగుతున్న మాత్రలో మగ హార్మోను ఛాయ.

షాపతన్ని తిట్టడానికి నాకు మనసు రాదు. ఈస్ట్రాడయాల్ ఉన్న ప్రొజినోవా అడిగితే చీటీ అడుగుతాడు, మాలా-డికి అడగడు. చీటీ రాయాల్సినవాళ్లం రాయనప్పుడు మనుషులు చీటీ అడగని మందు వైపే పోతారు.

టెస్టోస్టిరాన్‌ను అణిచే మందుల్లో మన దేశంలో ఎక్కువ వాడేది స్పైరోనోలాక్టోన్. అది అసలు బీపీ మందు, మూత్రం ఎక్కువ చేస్తుంది, పొటాషియం పెంచుతుంది. కిడ్నీ బాగాలేనివాళ్లకు ఇవ్వకూడదు. రెండో మందు సైప్రోటిరోన్. దాన్ని ఎక్కువ మోతాదులో ఏళ్లతరబడి వాడితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే గడ్డ వచ్చే ముప్పు పెరుగుతుందని యూరప్ ఔషధ సంస్థ 2020లో కట్టడి పెట్టింది. ఇవి భయపెట్టడానికి చెప్పడం లేదు. షుగరు మందులకూ ఇలాంటి జాబితాలే ఉన్నాయి, అయినా రాస్తున్నాం, పరీక్షలు చేయిస్తున్నాం. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు హార్మోన్ల లెక్క, పొటాషియం, లివర్, రక్తం. ఇందులో మన పెద్దాస్పత్రి ల్యాబు చేయలేనిది చాలా తక్కువ.

దాయమ్మ గురించి మాట్లాడకుండా ఈ ఉపన్యాసం ముగిస్తే అబద్ధమాడినట్టు. హిజ్రా సంప్రదాయంలో నిర్వాణం అనే పని హార్మోను అన్న మాట పుట్టకముందు నుంచీ ఉంది. దాయమ్మ అంగాన్నీ వృషణాలనూ కోసేసి, రక్తం పోనిచ్చి, నలభై రోజులు పథ్యంతో కాపాడి, పసుపు రాసి వేడుక చేస్తారు. తమిళ రచయిత్రి ఎ. రేవతి తన ఆత్మకథలో ఈ లోకాన్నంతా దాపరికం లేకుండా రాశారు. పి. సత్యవతి గారు దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేసి 2019కి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు. మా వైద్య విద్యార్థులతో ఏ పాఠ్యపుస్తకమూ చేయించలేని పని ఆ పుస్తకం చేయించింది: ఎదురుగా ఉన్న మనిషిని కూచోమని చెప్పించింది.

దాయమ్మలు తగ్గారు, ఆ చోటికి ఇంకా ఘోరమైనవాళ్లు వచ్చారు. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు ఒక యువ ట్రాన్స్ మనిషికి ఈ ఆపరేషన్ చేయబోయారు. రక్తం ఆగక ఆ మనిషి చనిపోయింది. పేపర్లు ఆ ఇద్దరి తెలివితక్కువతనం మీద రాశాయి. ఆ మనిషి లాడ్జి దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందన్నది ఒకటి రెండు వాక్యాల్లో తేలిపోయింది. నెల్లూరుకు పక్క రాష్ట్రమైన తమిళనాడులో ఈ శస్త్రచికిత్సను ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా చేయడం అప్పటికి కొత్త సంగతి కాదు.

ఆపరేషన్ క్షేమంగా జరిగిందనుకోండి. తర్వాత ఏమిటి? ఇక్కడే హార్మోన్ వైద్యం లేని లోటు ఏళ్లు గడిచేకొద్దీ బయటపడుతుంది. వృషణాలు తీసేస్తే టెస్టోస్టిరాన్ పోతుంది, దాని నుంచి తయారయ్యే ఈస్ట్రాడయాల్ కూడా పోతుంది. మాత్రలు మానేస్తే ఆ ఒంట్లో ఆ హార్మోనూ లేదు, ఈ హార్మోనూ లేదు. "అయిపోయింది కదా, ఇంకా గోలీలెందుకు" అని మానేసేవాళ్లు ఎందరో. వేడి ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, నీరసం ముందు వస్తాయి. ఎముక లోపల లోపల తరగడం పదేళ్లకు, ఇరవై ఏళ్లకు తెలుస్తుంది. రష్యాలో మతం పేరిట వృషణాలు తీయించుకున్న స్కోప్త్సీలను, చైనా, ఒట్టోమాన్ అంతఃపురాల నపుంసక సేవకులను పరీక్షించిన పాత వైద్యుల నోట్లను 1999లో ఇద్దరు అమెరికన్ వైద్యులు ఒకచోట చేర్చి రాశారు. వంగిన వెన్నులు, గుల్ల ఎముకలు. ఆ నోట్లలో ఉన్న శరీరాలు మన జిల్లాలో ఇప్పటికీ ఉన్నాయి. అరవై దాటిన గురువుల నడుములు చూడండి. వాళ్లకు చేయాల్సింది తక్కువ: ఒక ఎముక సాంద్రత పరీక్ష, క్యాల్షియం, విటమిన్ డి, ఒంటికి తగిన ఈస్ట్రాడయాల్. కాలు జారి తుంటి విరిగాక ఆర్థో వార్డులో పడుకోబెట్టడం కంటే ఇది చవక.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను, నేను లాయరును కాదు. 1329 ఫస్లీలో, అంటే 1919లో, నిజాం ప్రభుత్వం నపుంసకుల చట్టం తెచ్చింది. అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించడం, ఆ రిజిస్టర్లో ఉన్న మనిషి వీధిలో చీర కట్టినా నగ పెట్టినా పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకెళ్లి రెండేళ్ల దాకా జైల్లో పెట్టడం. నిజాంసాగర్ పని ఇంకా మొదలు కాలేదు అప్పటికి. డ్యాము కట్టారు, బోధన్‌లో షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ లేచింది, నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ కూడా మూతబడింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో హైకోర్టుకు వెళితే 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అదే తీర్పులో ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇమ్మని కూడా చెప్పింది. ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించిన సుప్రీంకోర్టు నల్సా తీర్పు 2014 ఏప్రిల్ 15న వచ్చింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం 15వ సెక్షన్‌లో హార్మోన్ వైద్యం, దానికి ముందూ వెనకా కౌన్సెలింగ్, ఖర్చుకు ఇన్సూరెన్సు ప్రభుత్వాల పనేనని స్పష్టంగా రాశారు. ఏడాదికి ఐదు లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ కింద ఇస్తామని 2022 ఆగస్టులో కేంద్రం ఒప్పందం కూడా చేసుకుంది. కాగితానికి లోటు లేదు.

ఆస్పత్రి వైపు ఏం జరిగింది? 2021 జనవరిలో హైదరాబాద్‌లో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్ల కోసమే పెట్టిన క్లినిక్‌లలో దేశంలో మొదటిదిగా పేరొచ్చింది. రిసెప్షన్లో, కౌన్సెలింగ్‌లో వాళ్లే ఉండేవాళ్లు. డబ్బు అమెరికా సాయం నుంచి వచ్చేది. 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం విదేశీ సాయం ఆపేస్తే నెల తిరక్కుండా మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో 'సబ్‌రంగ్' పేరున మళ్లీ తెరుచుకుంది. వాషింగ్టన్‌లో ఒక సంతకం పెడితే హైదరాబాద్‌లో ఒకరి మందు ఆగిపోవడం నాకు మింగుడుపడని సంగతి. ఈస్ట్రాడయాల్ అమెరికా నుంచి రావడం లేదు, ఇక్కడి షాపులోనే ఉంది. 2022 నవంబరులో ఉస్మానియా ఆస్పత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. ప్రాచీ చదివింది ఆదిలాబాద్ రిమ్స్‌లో. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాల్లో మైత్రి క్లినిక్‌లు కూడా పెట్టింది. బోర్డు పెట్టడం మొదటి మెట్టు. ఆ గదిలో కూచునే డాక్టరుకు ఈ మందులు రాసే ధైర్యం ఉందా అన్నది రెండోది. అది జీవోతో రాదు.

రెండు అభ్యంతరాలు ఎప్పుడూ వస్తాయి. ఒకటి, తర్వాత పశ్చాత్తాపపడితే? కొందరు ఆపేస్తారు, నిజం. ఇంటివాళ్లు తరిమేసి, ఉద్యోగం పోయి, డబ్బులేక ఆపేవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఏది మళ్లీ పూర్వస్థితికి వస్తుంది, ఏది రాదు అన్నది ముందే చెప్పి, కూచోబెట్టి మాట్లాడి మొదలుపెట్టడమే దానికి జవాబు. 2023లో అచ్చయిన మెల్‌బోర్న్ అధ్యయనంలో టెస్టోస్టిరాన్ కోరిన 64 మందిలో సగం మందికి వెంటనే మందిచ్చి, తక్కినవాళ్లను మూడు నెలలు ఆగమన్నారు. వెంటనే తీసుకున్నవాళ్లలో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు స్పష్టంగా తగ్గాయి. చిన్న అధ్యయనమే, కానీ లాటరీ పద్ధతిలో పంచి చేసింది కాబట్టి దానికి బరువుంది. రెండో అభ్యంతరం పిల్లల గురించి. పద్ధెనిమిది నిండనివాళ్ల విషయంలో ప్రపంచంలోనే వైద్యుల మధ్య ఏకాభిప్రాయం లేదు, 2024లో ఇంగ్లండు చాలా కట్టడి చేసింది. అది వేరే సభలో మాట్లాడాల్సిన విషయం. దాన్ని అడ్డం పెట్టి ముప్పై ఐదేళ్ల మనిషికి మందు రాయకపోవడం మాత్రం నేను ఒప్పుకోను.

ఇదంతా మానసిక రోగం కదా, సైకియాట్రీకి పంపిస్తే సరిపోదా అనే తోటి డాక్టర్లకు ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ పదకొండో కూర్పులో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేసింది, అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. సైకియాట్రిస్టు సాయం అవసరమైతే తీసుకుందాం, తోటివారిగా. గేటు దగ్గర కాపలాకు ఆయన్ని కూచోబెట్టనక్కర్లేదు.

ఎండోమెంట్ కమిటీకి ఒక మనవి చేసి కూచుంటాను. వచ్చే ఏడాది కూడా ఈ విషయమే పెట్టండి, వక్తగా మాత్రం మళ్లీ నాలాంటి డాక్టర్ని పిలవకండి. ఏళ్లుగా ఈ మందులు వాడుతున్న ఒక మనిషిని పిలవండి. నాకిచ్చిన గౌరవ పారితోషికమే ఆమెకూ ఇవ్వండి, చేతికి చెక్కు ఇవ్వండి, పేరు ఆమె చెప్పిన పేరే ముద్రించండి. సభ రాత్రికి కాకుండా మధ్యాహ్నం పెట్టండి, బోధన్ నుంచీ బాన్సువాడ నుంచీ వచ్చేవాళ్లకు తిరిగి వెళ్లడానికి బస్సు ఉండాలి. ఈ ఏడాది నా పారితోషికాన్ని పెద్దాస్పత్రి ల్యాబులో హార్మోన్ పరీక్షల కోసం జమ చేయమని కార్యదర్శిగారికి ఉత్తరం రాసి ఇచ్చాను. రశీదు పంపిస్తే చాలు.